వీరవేణి గ్రైండరులో అరవై రెండు కిలోల భాగం

అక్షరదోషాలుంటే మన్నించాలి. నాకు యాభై ఎనిమిదో ఏట గాని అక్షరాలు రాలేదు. వచ్చినవి కూడా ఒక్కసారిగా రాలేదు. అచ్చులు ఒక వానాకాలం, హల్లులు ఒక వేసవి, ఒత్తులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి మూడు నెలలు పట్టింది. మీకు తప్పులు కనపడకపోతే అది పత్రికవారి దయ. ఆలస్యం మాత్రం నాదే. పైగా నేనున్న చోటు నుంచి పోస్టు డబ్బా దాకా వెళ్లాలంటే నాకు అనుమతి కావాలి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మాది లాకులపేట. కాలువ లాకుల పక్కన ఇరవై ఏడు రేకుల షెడ్లున్న చిన్న పారిశ్రామికవాడ ఉంది. అందులో పదకొండో షెడ్డు మాది, మోటార్ల వైండింగు షాపు. ఫ్యాను గాని, గ్రైండరు గాని, నీళ్ల మోటారు గాని కాలిపోతే లోపలి పాత రాగి తీగ విప్పి కొత్త తీగ చుట్టడం మా పని. చుట్లు లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. మా ఆయన చుట్టేవాడు, నేను పక్కన కూర్చుని చింతగింజలు పెట్టుకుని లెక్క చూసేదాన్ని. ఇద్దరికీ చదువు లేదు. అందుకని ఏ మోటారుకు ఏం చేశామో దాని మూత లోపలి వైపు మేకుతో గీసేవాళ్లం. ఒక నిలువు గీత వంద చుట్లు. అడ్డగీత ఉంటే బేరింగు మార్చామని. అన్నిటికీ చివర ఆయన మూడు చుక్కలు పెట్టేవాడు. అది ఆయన సంతకం. పదేళ్ల తరువాత ఆ మోటారు మళ్లీ వచ్చినా, మూత తీస్తే దాని చరిత్రంతా అక్కడే ఉండేది. ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆయన పోయాక షాపు నేనే నడిపాను. సాయంత్రం పూట వయోజన విద్యాకేంద్రానికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. మొదట నేర్చుకున్న మాట నా పేరు. కొత్తగా సైకిలు వచ్చినవాడు పని లేకపోయినా వీధులన్నీ తిరిగినట్టు, నేను దొరికిన చోటల్లా నా పేరు రాసేదాన్ని. మోటారు మూత లోపల గీతలన్నీ గీసి, కింద ‘నూకరత్నం’ అని మేకుతో చెక్కేదాన్ని. ఎనిమిదేళ్లలో నా చేతి మీదుగా వెళ్లిన ప్రతి మోటారులోనూ నా పేరుంది. నా కొంప ముంచింది అదే. తరువాత తేల్చిందీ అదే.

నిరుడు ఆషాఢంలో మా వాడకు వస్తు పరిభ్రమణ శాఖ వచ్చింది. షామియానా వేశారు. అదనపు సంచాలకులు కోదండపాణి గారు మైకు ముందు నిలబడ్డారు. ఆయన సన్నగా ఉంటారు గాని మాటలు లావుగా ఉంటాయి.

“సోదర సోదరీమణులారా! వస్తువు పుట్టుట, వాడబడుట, పారవేయబడుట అను సరళరేఖా దురాచారమునకు నేటితో స్వస్తి. ఇకపై వస్తువు వృత్తాకారమున పయనించును. పాతది కొత్తదగును. ఏదియు వ్యర్థము కాజాలదు!”

అందరం చప్పట్లు కొట్టాం. నా పక్కన కూర్చున్న వీరవేణి చెవిలో అంది.

“ఇదేంటి పిన్నీ, మనం రోజూ చేసేదే కదా?”

“ఊరుకోవే. ఆయన చెబుతుంటే ఇంకా బాగుంది.”

వీరవేణి సంగతి చెప్పాలి. మా షెడ్డు వెనక వీధిలో ఉంటుంది. వరసకు ఏమీ కాదు గాని పిన్నీ అంటుంది. అరవై ఇళ్లకు, రెండు టిఫిను బళ్లకు ఇడ్లీ పిండి రుబ్బి పోస్తుంది. ఆమెకు ఉన్నదల్లా ఒక గ్రైండరు. పద్దెనిమిదేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నది. అప్పట్నుంచి దాన్ని మా ఆయన కొన్నాళ్లు, నేను కొన్నాళ్లు బాగుచేస్తూ వచ్చాం. ఇప్పుడు అందులో రాయి తప్ప అసలుది ఏమీ లేదు. అయినా పిండి మాత్రం వెన్నలా వస్తుంది.

కోదండపాణి గారు మంచినీళ్లు తాగి అసలు విషయంలోకి వచ్చారు.

“వృత్తమున పయనించు వస్తువునకు పూర్వచరిత్ర ఆవశ్యకము. కావున ప్రతి వస్తువునకు సమగ్ర సమాచార పత్రము ఉండవలెను. అందు రెండువందల పదహారు గడులు ఉండును. ప్రతి భాగము ఎచట పుట్టినది, దేనితో చేయబడినది, బరువెంత, ఆయువెంత, ఆయువు తీరిన పిదప ఎచటికేగును, ఇత్యాదులు. పత్రము లేని వస్తువును మరమ్మతు చేయుట నిషిద్ధము. కార్తీక మాసాంతమునకు పత్రము పొందని వస్తువులు పునర్జన్మ విభాగమునకు తరలింపబడును.”

పునర్జన్మ విభాగమంటే కాలువ అవతలి గట్టున దింపిన నలగ్గొట్టే యంత్రం. పచ్చరంగు వేసి, మీద తామరపువ్వు బొమ్మ గీశారు.

వీరవేణి లేచి నిలబడింది. “అయ్యా, నాదో సందేహమండి. నా గ్రైండరు శుభ్రంగా తిరుగుతోందండి. తిరుగుతున్నదాన్ని నలగ్గొట్టడమెందుకండి?”

“అమ్మా, అది ఎచట పుట్టినదో మాకు తెలియదు కదా?”

“నాకూ తెలీదండి. పిండి రుబ్బుతోంది, అది తెలుసండి.”

“నలగ్గొట్టి, కరగించి, మరల చేసినచో అది మా ఎదుటనే పుట్టును. అపుడు పత్రము నిష్కళంకముగా ఉండును.”

“అంటే బతికున్నదాన్ని చంపి, పుట్టిన తేదీ రాసుకుంటారాండి?”

“సరిగ్గా గ్రహించితివి!” అని ఆయన సంతోషించారు.

శ్రావణం వచ్చేసరికి వాడంతా గళ్లు నింపడంలో పడిపోయింది. కొత్త వస్తువులకు ఏ ఇబ్బందీ లేదు. కొట్లోంచి అట్టపెట్టెలో వచ్చిన ఫ్యానుకు అన్ని కాగితాలూ ఉంటాయి. దానికి బొట్టు పెట్టి పత్రం ఇచ్చారు. బాధంతా బాగుచేసి వాడుకున్నవాటికే. క్షౌరశాల గంగరాజు కుర్చీకి కాళ్లు ఒక కుర్చీవి, ఒళ్లు ఇంకో కుర్చీది. కాళ్లిచ్చిన కుర్చీ నుంచి నిరాక్షేపణ పత్రం తెమ్మన్నారు. “అది చెదలు పట్టి పోయిందండి” అన్నాడు. మరణ ధ్రువీకరణ తెమ్మన్నారు. గంగరాజు పంచాయతీకి వెళ్లి అడిగాడు. కుర్చీ చచ్చిపోయిన రోజు ఇంట్లో ఎవరెవరున్నారని పంచాయతీవాళ్లు అడిగారు. వారం తిరిగాక కుర్చీని తనే పునర్జన్మకు అప్పగించి, గిరాకీని అరుగు మీద కూర్చోబెట్టి గడ్డాలు గీస్తున్నాడు.

శాఖ తన ఆఫీసును కూడా ఉపేక్షించలేదు. అంతకుముందు అక్కడున్న టేకు బల్లలకు కాగితాలు లేవని వాటినీ నలగ్గొట్టించి, పుట్టుక తెలిసిన రేకు బల్లలు తెప్పించింది. సమాచారం దాచడానికి నలభై కంప్యూటర్లు, వాటికి చల్లగా ఉండటానికి నలభై ఫ్యాన్లు, నలగ్గొట్టాల్సినవి వరుసల్లో పేర్చుకోవడానికి రెండు గోడౌన్లు వచ్చాయి. లాకులపేటలో అంత సామాను నేను పుట్టి ఎరగను. తక్కువ వస్తువులతో బతకాలని చెప్పడానికి అన్ని వస్తువులు కావాలని అప్పటిదాకా నాకు తెలియదు.

మా షాపు మూతపడింది. నాకు పెద్ద దిగులు లేదు, ఒక్క పొట్ట. వీరవేణి గ్రైండరు గురించే దిగులు. ఆశ్వయుజంలో దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం.

పత్రాలు ఎక్కించే చోట పెద్ద గుమాస్తా సూరపరాజు గారు కూర్చుని ఉన్నారు. పదవీ విరమణకు ఏడాది దూరంలో ఉన్నారు కాబట్టి ఆయన దేనికీ ఆశ్చర్యపోరు.

“ముప్పై ఎనిమిదో గడి. ఇందులో ఉన్న భాగాలు చెప్పండమ్మా. రాయి?”

“అసలుదేనండి,” అంది వీరవేణి.

“డ్రమ్ము?”

“మూతపడిన హోటలు గ్రైండరుదండి,” అన్నాను నేను.

“బెల్టు?”

“పిండిమరదండి. కత్తిరించి కుట్టాను.”

“స్టాండు?”

“ఆసుపత్రి మంచానిదండి.”

రాజు గారు రాసుకుంటూనే ఉన్నారు. “మోటారు మూత తియ్యండి, చూడాలి.”

తీశాను. లోపల గీతలు, అడ్డగీతలు, మూడు చోట్ల నా పేరు.

“ఈ నూకరత్నం ఎవరు?”

“నేనేనండి.”

“తయారీదారా?”

“కాదండి. లైసెన్సు లేదండి.”

“సరఫరాదారా?”

“ఎవరికీ ఏదీ సరఫరా చెయ్యలేదండి బాబూ. తీగ చుట్టానంతే.”

రాజు గారు కంప్యూటరు వైపు చూశారు. వస్తువు లోపల కనిపించిన ప్రతి పేరునూ ఎక్కిస్తే గాని తరువాతి గడి తెరుచుకోదట. ఎక్కించడానికి మూడే దారులు. తయారీదారు, సరఫరాదారు, భాగం. మొదటి రెండూ లైసెన్సు నంబరు అడుగుతున్నాయి. మూడోది బరువు మాత్రమే అడుగుతోంది. అవతల భోజనాల వేళ అవుతోంది.

“ఒకసారి అలా త్రాసు మీద నిలబడండమ్మా,” అన్నారు.

అరవై రెండు కిలోలు ఉన్నాను.

“దేనితో చేయబడినది? ఇనుము, రాగి, రాయి, రబ్బరు, ప్లాస్టిక్, ఇతరములు. ఇతరములు అని కొడుతున్నాను, ఏమీ అనుకోకండి.”

“మా ఆయన ఉన్నప్పుడైతే మెడలో కాస్త బంగారం అని రాసుకుందురు. ఇప్పుడు ఇతరములే లెండి.”

“తయారైన తేదీ?”

“పెద్ద తుఫాను వచ్చిందే, ఆ ఏడండి. నీళ్లు తీశాక మూడోనాడు.”

“తుఫాను అనే నెల ఇందులో లేదు. నవంబరు వేస్తాను. తయారుచేసినవారు?”

“గుత్తుల ముత్యాలు గారు, ఆయన భార్యానండి.”

“లోపాలేమైనా?”

“కుడి మోకాలండి.”

“విడిభాగాలు దొరుకుతాయా?”

“పట్నంలో దొరుకుతాయంటున్నారండి. మార్పించుకోవడానికి భయం.”

ఆ పక్కనే సంతకం గడి ఉంది. భాగాన్ని అమర్చినవారు స్వయంగా రాయాలట. కలం చేతికిచ్చేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. సర్కారు కాగితం మీద నా పేరు రాయడం అదే మొదలు. ఏ గడి, ఎందుకు అని అడగకుండా గుండ్రంగా రాసిచ్చాను. రాజు గారు నల్లగళ్ల స్టిక్కరు ఒకటి తీసి నా మోచేతి కింద అతికించారు. సబ్బుకు పోదు, కిరసనాయిలుకూ పోదు. తోవలో కిరాణా కొట్టు వాడు సరదాకి తన ఫోను పెట్టి చూశాడు. ‘గ్రైండరు, భాగం సంఖ్య ఏడు’ అని వచ్చింది.

“ఒసే వీరవేణీ, నేను నీ గ్రైండరులో భాగమయ్యానే.”

“ఎప్పట్నుంచో ఉన్నావు కదా పిన్నీ. ఇప్పుడు రాసుకున్నారంతే.”

వారం తిరక్కుండా కబురొచ్చింది. కోదండపాణి గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. గ్రైండరు త్రాసు మీద ఉంది. ఆయన ముఖం ఎర్రబడి ఉంది.

“పత్రము ప్రకారము సదరు వస్తువు నూట పది కిలోలు. త్రాసు ప్రకారము నలభై ఎనిమిది. అరవై రెండు కిలోలు అపహరణకు గురియైనవి!”

“అపహరణ ఏంటండీ,” అంది వీరవేణి. “అదిగో, స్టూలు మీద కూర్చుంది.”

నన్ను గ్రైండరు పక్కన ఎక్కమన్నారు. క్యారేజీ కింద పెట్టమన్నారు. చెప్పులు విడవమన్నారు. ముల్లు తిరిగి తిరిగి సరిగ్గా నూట పది దగ్గర ఆగింది. కోదండపాణి గారు ఊపిరి పీల్చుకున్నారు.

“వస్తువు సంపూర్ణము. పత్రము సక్రమము. అయితే డ్రమ్ము ఒక వంశమునకు, బెల్టు మరొక వంశమునకు చెందుటచే దీని మూలము మిశ్రమము. కావున గురువారము పునర్జన్మకు పంపవలసినదిగా ఆదేశించడమైనది.”

వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత కొంగు తీసి మాట్లాడింది. “అయ్యా, పద్దెనిమిదేళ్లుగా దాన్ని తిప్పుకుని బతుకుతున్నానండి. ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపలేదండి. దాని బదులు నన్ను వెయ్యండి ఆ మిషన్లో.”

“నీకు పత్రము లేదమ్మా,” అన్నారాయన జాలిగా.

గురువారం వచ్చింది. గ్రైండరును కాలువ దాటించారు. భాగం సంఖ్య ఏడు కాబట్టి నన్నూ అదే బండి మీద ఎక్కించారు. నలగ్గొట్టే యంత్రం అప్పటికే మొదలైంది, గర్రుగర్రుమని ఎవరిదో మిక్సీ నములుతోంది. దానిలోకి వెళ్లే పట్టా మీద గ్రైండరును పెట్టబోతుండగా, వెంట వచ్చిన సూరపరాజు గారు పుస్తకం తెరిచి దగ్గారు.

“అయ్యా, నిబంధన పద్నాలుగు. నలగ్గొట్టేముందు, తయారీదారు పేరు తెలిసిన ప్రతి భాగాన్నీ విడదీసి ఆ తయారీదారుకు తిరిగి అప్పగించాలండి. ఇందులో పేరు తెలిసిన భాగం ఒక్కటేనండి. ఏడోది.”

“అయినచో తయారీదారునకు తాఖీదు పంపుము.”

“పోయారండి వాళ్లు,” అన్నాను.

“మూతబడిన సంస్థయా?” కోదండపాణి గారు నుదురు తుడుచుకున్నారు. “అట్టి పక్షమున వారసుల సమ్మతి కావలెను. వారసులెవరు?”

“నేనొక్కదాన్నేనండి.”

“అయినచో ముత్యాలు గారి వారసురాలిగా మిమ్ములను అడుగుచున్నాను. ఈ వస్తువు నుండి మిమ్ములను విడదీయుటకు మీకేమైనా అభ్యంతరమా?”

గట్టు మీద వీరవేణి నిలబడి ఉంది. ఆమె నా వైపు చూడటం లేదు, గ్రైండరు వైపు చూస్తోంది. చంటిబిడ్డను ఆపరేషను గదిలోకి తీసుకుపోతున్నప్పుడు తల్లి చూస్తుందే, అలా.

“ఉందండి అభ్యంతరం,” అన్నాను.

“లిఖితపూర్వకముగా తెలుపవలెను.”

“ఆయ్. కాస్త టైము పడుతుందండి.”

రాశాను. ‘నన్ను విడదీయవద్దు’ అనే మాటల్లో ఒత్తులు ఎక్కడెక్కడున్నాయో గుర్తుకు తెచ్చుకోవడానికే చాలాసేపు పట్టింది. ఎవరైనా సాయం చేద్దామన్నా స్వహస్తాలతో రాయాలని వాళ్ల నిబంధనే ఉంది. అందరూ ఎండలో నిలబడి నా కలం వైపు చూశారు. నేను కింద నా పేరు చివర సున్నా చుట్టేసరికి నలగ్గొట్టే మిషను మనిషి స్విచ్చి కట్టేసి భోజనానికి వెళ్లిపోయాడు. నా జన్మలో నా ఆలస్యం ఎవరికైనా పనికొచ్చిందంటే ఆ రోజే.

ఆదేశం మారింది. వారసుల సమ్మతి లభించు వరకు సదరు గ్రైండరును అన్ని భాగాలతో సహా, ఏ భాగమూ వేరుపడకుండా, రెండో గోడౌనులో తొమ్మిదో వరుస కింది అరలో భద్రపరచవలెను.

అలా నేను గోడౌనుకు వచ్చాను. అర ఏడడుగుల పొడవుంటుంది. చాప పరుచుకుంటే హాయిగా సరిపోతుంది. మర్నాడు పొద్దున్నే వీరవేణి అన్నం పట్టుకుని వచ్చింది. ఒకటే ఏడుపు.

“నా వల్ల నీకు జైలు వచ్చింది పిన్నీ.”

“జైలేంటే పిచ్చిదానా. పైన రేకు కాదు, శ్లాబు. కరెంటు ఒక్క నిమిషం పోదు. అదిగో చూడు, గోడకి ప్లగ్గు కూడా ఉంది.”

వీరవేణి ఏడుపు ఆపి ప్లగ్గు వైపు చూసింది. తరువాత గ్రైండరు వైపు చూసింది. ఆ మర్నాడు నానబెట్టిన మినప్పప్పు బకెట్టుతో వచ్చింది. పత్రం ఉన్న వస్తువును వాడకూడదని ఎక్కడా లేదు. ఊళ్లో అరవై ఇళ్లకూ మళ్లీ పిండి వెళ్లింది. రాజు గారికి ఒక గిన్నెడు వేరుగా తీసి ఉంచేవాళ్లం.

నాలుగో రోజు కెపాసిటరు కొట్టేసింది. మోటారు హుమ్మని మూలుగుతోంది గాని తిరగడం లేదు. నేను మూత విప్పుతుండగా కోదండపాణి గారు గోడౌను చూడటానికి వచ్చారు.

“ఆగండి! మరమ్మతు నిషిద్ధము! అధీకృత కేంద్రమునందు తప్ప వస్తువును బయటివారు ముట్టరాదు!”

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను. రాజు గారు పుస్తకం తిరగేశారు. ఆయన పొద్దున తిన్న ఇడ్లీ ఆయన చేత మాట్లాడించిందని నా నమ్మకం.

“బయటివారు ముట్టకూడదండి. కాని ఈమె బయటివారు కాదండి, భాగమండి. బేరింగు తిరిగితే మరమ్మతు అంటామాండి? భాగం తన పని తాను చేసుకుంటోందండి.”

కోదండపాణి గారు పుస్తకం లాక్కుని చదివారు. నిబంధనలో తప్పు దొరకలేదు. “అయినచో భాగము తన ధర్మమును నిర్వర్తించుగాక,” అని వెళ్లిపోయారు.

ఈ సంగతి లాకులపేటలో ఎలా పాకిందో చెప్పనక్కర్లేదు. వీరవేణి నోరు తెలుసు కదా. కార్తీకం ఇంకా పన్నెండు రోజులుంది. జనం ఇళ్లలో ఫ్యాన్లు దింపుకున్నారు, నీళ్ల మోటార్లు విప్పుకున్నారు, మూతలు తీసి లోపల చూసుకున్నారు. నా పేరు కనిపించినవాడు పండగ చేసుకున్నాడు, నా సమ్మతి లేనిదే దాన్ని నలగ్గొట్టలేరు కదా. కనిపించనివాడు గోడౌను కిటికీ దగ్గరకొచ్చి, “అత్తా, నాదాంట్లో కూడా ఎప్పుడో చెయ్యి పెట్టి ఉంటావు, గుర్తు తెచ్చుకో” అని బతిమాలాడు. ముప్పై ఎనిమిదో గడిలో అందరూ ఒకే భాగం రాశారు. నూకరత్నం, ఇతరములు, అరవై రెండు కిలోలు. తూకం వేసినప్పుడల్లా నేను వెళ్లి పక్కన నిలబడి వచ్చేదాన్ని. కార్తీకం ముగిసేసరికి నేను నాలుగువందల పన్నెండు వస్తువుల్లో ఉన్నాను. కాగితాల మీద నా బరువు ఇరవై అయిదున్నర టన్నులు. నలగ్గొట్టే యంత్రం పని లేక తుప్పు పట్టసాగింది.

కోదండపాణి గారు మంచం పట్టినంత పనైంది. ఒకే భాగం ఇన్ని వస్తువుల్లో ఉండటమేమిటని పైవాళ్లు తన కుర్చీకే ఎసరు పెడతారని ఆయన భయం. పుష్యంలో రాజధాని నుంచి కవరు వచ్చింది. అది పట్టుకొచ్చి విప్పారు. గోడౌనులో మాకు వినపడేలా చదివారు.

“ఒక భాగమును ఒక వస్తువునందు మాత్రమే వాడుట లోకరీతి. రెండింట వాడుట మెచ్చదగినది. ఒకే భాగమును ఏకకాలమున నాలుగువందల పన్నెండు వస్తువులందు వాడుచున్న లాకులపేట కార్యాలయము, పునర్వినియోగమున ప్రథమ స్థానము పొందినదని తెలుపుటకు సంతసించుచున్నాము. ఇట్టి భాగములను మరిన్ని ఉత్పత్తి చేయు అవకాశములను పరిశీలించి నివేదిక పంపగలరు.”

ఆయన కాగితం దించి నా వైపు చూశారు. “ఇట్టి భాగములు… ఇంకను…?”

“మా అమ్మా నాన్నా సంస్థ మూసేశారు కదండీ,” అన్నాను.

ప్రశంసాపత్రం ఇవ్వడానికి పెద్దలు వచ్చారు. నా మెడలో దండ వెయ్యబోతుంటే రాజు గారు ఆపారు. దండ వేస్తే బరువు పెరుగుతుంది, నాలుగువందల పన్నెండు పత్రాలు తిరగరాయాలి. దండను గ్రైండరుకు వేశారు. దాని బరువూ పెరుగుతుందని గ్రైండరుకూ తీసేశారు. చివరికి వీరవేణి వేసుకుని ఇంటికి వెళ్లింది. ఆమెకు పత్రం లేదు కదా.

మాఘం చివర ఒక మధ్యాహ్నం కోదండపాణి గారు ఒక్కరే గోడౌనుకు వచ్చారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆయన గదిలో కొత్త ఫ్యాను ఆగిపోయిందట. రెండువందల పదహారు గళ్లూ నిండిన ఫ్యాను. దాని అధీకృత కేంద్రం ఎక్కడుందో రాసే గడిలో ‘ఎచటను లేదు’ అని శుభ్రంగా రాసి ఉంది. మాట్లాడటానికి ఆయనకు ఈసారి లావు మాటలు దొరకలేదు.

“అమ్మా… కాస్త చూడగలరా?”

“అందులో నేను లేను కదండీ. బయటిదాన్ని.”

ఆయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నారు. నేను లేచి మేకు తీసుకుని వెళ్లాను. మూతకు సీలు ఉంది, తెరిచాను. ముందు నా పేరు గీశాను, తరువాత బాగుచేశాను. పద్ధతి పద్ధతే. నాలుగువందల పదమూడు.

కిందటి నెల సూరపరాజు గారు పదవీ విరమణ చేశారు. వెళ్లేముందు తన ఇంట్లో పాత ఫ్యాను పట్టుకొచ్చారు. “సెకండ్ హ్యాండులో కొన్నాక ఇది ఎప్పుడూ పాడవ్వలేదమ్మా, అందుకే తేలేదు. లోపల ఎవరి చెయ్యి ఉందో ఇన్నాళ్లూ చూసుకోలేదు,” అన్నారు. మూత తీశాను. నా పేరు లేదు. పదకొండు నిలువు గీతలు, ఒక అడ్డగీత, చివర మూడు చుక్కలు.

“ఈ చుక్కలు ఎవరమ్మా?”

“మా ఆయనండి.”

రాజు గారు ఫ్యాను పత్రం పరిచి కలం పట్టుకున్నారు. “ఆ భాగం ఇప్పుడు…?”

నేను ఫ్యాను తీగ ప్లగ్గులో పెట్టాను. తిరిగింది. చప్పుడు లేదు. మా ఇద్దరి ముఖాలకూ గాలి తగిలింది. రాజు గారు కళ్లద్దాలు పెట్టుకుని, తన ఉద్యోగంలో ఆఖరి గడి నింపారు. ‘భాగము ఉన్నది. పనిచేయుచున్నది.’

తరువాత నా పత్రం తీశారు. రెండువందల పన్నెండు నిండాయి, నాలుగు ఖాళీ. మూడు సులువైనవే, పేరూ ఊరూ లాంటివి, నాలుగోదే చిక్కు. ఆయువు తీరిన పిదప ఈ భాగమును ఎచటికి పంపవలెను?

“ఏం రాయమంటారమ్మా? నలగ్గొట్టుట, కరగించుట, పూడ్చుట, తిరిగి వాడుట. నాలుగే ఉన్నాయి.”

“కలం ఇవ్వండి, నేనే రాస్తాను. మీరు ఇంటికెళ్లండి, నాకు టైము పడుతుంది.”

ఆయన వెళ్లి నెలవుతోంది. నేను ఇంకా ఆ గడి దగ్గరే ఉన్నాను. అది నిండేదాకా నన్ను గ్రైండరు నుంచి విడదీయకూడదు, గ్రైండరును ఇక్కణ్నుంచి కదపకూడదు. పొద్దున్నే వీరవేణి వస్తోంది, పప్పు నానబెట్టుకుని. గోడౌను తలుపు మీద తనే సున్నంతో ‘ఇడ్లీ పిండి దొరుకును, మోటార్లు తమంతట తామే బాగుపడును’ అని రాసింది. నాకు తొందర లేదు. ఒత్తులు పూర్తిగా వచ్చాక చూద్దాం. పోనీ అని ఈలోపు పక్కనున్న గళ్లు మూడూ నింపాను.

పేరు: వాసంశెట్టి నూకరత్నం.

వయసు: అరవై ఆరు, నవంబరుకు.

ప్రస్తుతం ఉండు చోటు: లాకులపేట, రెండో గోడౌను, తొమ్మిదో వరుస, కింది అర, గ్రైండరు లోపల.